పాత కారుకి కరెంటు ఫ్యాను: ఏ వైరింగ్ ఎవరికి సరిపోతుంది

మే నెల మిట్టమధ్యాహ్నం రైల్వే గేటు పడింది. ముందు లారీ, వెనక బస్సు. అంతవరకూ హైవే మీద ఎనభైలో వచ్చిన మా అంబాసిడర్‌కి టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. గేటు దగ్గర ఆగిన పది నిమిషాల్లోనే ఎర్రగీత దగ్గరికి పాకింది. గూడ్సు బండి దాటి గేటు లేచేసరికి రేడియేటర్ మూత పక్కనుంచి ఆవిరి. మా పిల్లలు ఆ ఎండలో రోడ్డు పక్కన నిలబడాల్సి వచ్చింది. రేడియేటర్‌కి కరెంటు ఫ్యాను పెట్టాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

పాత అంబాసిడర్, పద్మిని, జీపు లాంటి బండ్లలో రేడియేటర్ వెనక రెక్కలు బెల్టుతోనే తిరుగుతాయి. ఇంజను నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లతో మెల్లగా ఆడుతుంటే రెక్కలూ అంతే మెల్లగా తిరుగుతాయి. గాలి ఎక్కువ కావాల్సింది బండి నిలబడినప్పుడు, ఆ రెక్కలు గాలి తక్కువ లాగేదీ అప్పుడే. అరవై దాటిన వేగంలో ఎదురుగాలే సరిపోతుంది కాబట్టి అక్కడ వాటి అవసరం పెద్దగా ఉండదు. కరెంటు ఫ్యానుకి ఇంజను వేగంతో సంబంధం లేదు, ట్రాఫిక్‌లో ఆగినా పూర్తి వేగంతో తిరుగుతుంది. మారుతి 800 లాంటి చిన్న కార్లతో మన రోడ్ల మీద మామూలైపోయిన ఈ ఏర్పాటునే పాత బండికి తెస్తున్నాం.

కానీ బండి రోడ్డు మీద పోతుండగానే వేడెక్కుతుంటే ఫ్యాను దానికి మందు కాదు. రేడియేటర్ గొట్టాల్లో బోరు నీళ్ల సున్నం పేరుకుందేమో, థర్మోస్టాట్ వాల్వు (ఇంజను వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలేది) సగంలో బిగుసుకుందేమో, మూత ఒత్తిడి పట్టడం లేదేమో ముందు చూడండి. ఆ పనులు చేయించకుండా ఫ్యాను మీద డబ్బు పెట్టి, నెల తిరక్కముందే మళ్లీ షెడ్డుకి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను.

ముందు డైనమో సంగతి తేల్చండి

ఫ్యాను ఎంపిక కంటే ముందు, బండిలో కరెంటు ఎక్కడ పుడుతోందో చూడాలి. ఇంజను బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించేవి ఈ రెండూ, డైనమో పాతకాలంది, ఆల్టర్నేటర్ ఆ తర్వాత వచ్చింది. డైనమో ఉన్న బండికీ ఆల్టర్నేటర్ ఉన్న బండికీ ఒకే సలహా పనికిరాదు.

ఆ కాలపు లూకాస్ డైనమోలు బాగా తిరిగినప్పుడు ఇచ్చేదే 19 నుంచి 22 ఆంపియర్లు. ఇంజను మెల్లగా ఆడుతుంటే దాదాపు ఏమీ ఇవ్వవు, అందుకే సిగ్నల్ దగ్గర ఛార్జింగ్ లైటు మిణుకుమంటుంది. మనం పెట్టబోయే ఫ్యాను తిరిగేది సరిగ్గా అప్పుడే. అంటే ఫ్యాను తాగే 8 లేదా 10 ఆంపియర్లూ బ్యాటరీ నుంచే పోతాయి. వేసవి సాయంత్రం ఊరంతా తిరిగొచ్చాక మర్నాడు పొద్దున సెల్ఫ్ తిరగదు. డైనమో బండికి నా సలహా సూటిగానే చెబుతాను: ముందు ఆల్టర్నేటర్ పెట్టించండి. బండిని అసలు రూపంలోనే ఉంచాలనుకుంటే పాత రెక్కలు అలాగే ఉంచి, వాటి చుట్టూ రేకుతో గూడు కట్టించండి. గూడు లేనప్పుడు రెక్కలు రేడియేటర్ మధ్య భాగం నుంచే గాలి లాగుతాయి, మూలలన్నీ వృథా. గూడు కట్టిస్తే చాలా బండ్లకి అక్కడితోనే సమస్య తీరుతుంది.

ఆల్టర్నేటర్ ఉన్నా లెక్క వేసుకోవాలి. రాత్రి వానలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారనుకోండి. హెడ్‌లైట్లు రెండు 55 వాట్ల బల్బులైతే 9 ఆంపియర్లు. వెనక లైట్లు, మీటర్ లైట్లు కలిసి రెండు మూడు. వైపర్‌కి మూడు నాలుగు, ఇగ్నిషన్ కాయిల్‌కి మరో మూడు నాలుగు. ఫ్యాను పెట్టకముందే ఇరవై దగ్గరకొచ్చాం. 35 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఇంజను మెల్లగా ఆడేటప్పుడు అందులో సగం ఇస్తే గొప్ప. అందుకే పాత బండికి దొరికినంత పెద్ద ఫ్యాను మంచిదన్న మాట నేను ఒప్పుకోను. పన్నెండు అంగుళాల మంచి ఫ్యాను సరైన గూడుతో ఉంటే 1489 సీసీ అంబాసిడర్ ఇంజనుకి చాలు. పదహారు అంగుళాల ఫ్యానులు 15 నుంచి 25 ఆంపియర్ల దాకా తాగుతాయి, వాటిని మోయాలంటే ఆల్టర్నేటర్ కూడా పెద్దదవ్వాలి.

విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో పాత ఫ్యాను కొంటుంటే షాపులోనే బ్యాటరీకి తగిలించి, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో కొలవమనండి. బుష్షులు అరిగిన మోటారు అదే ఫ్యాను కొత్తదానికంటే ఎక్కువ కరెంటు లాగుతుంది, చేతితో తిప్పితే గరగర తెలుస్తుంది. మొదలయ్యే క్షణంలో మీటరు నడిచే కరెంటుకి రెండు మూడు రెట్లు చూపిస్తే కంగారు పడొద్దు, అది మోటారు సహజం.

ఫ్యాను ఎప్పుడు తిరగాలో ఎవరు చెప్పాలి

వైరింగ్‌లో అసలు ఎంపిక ఇదే. నాలుగు దారులున్నాయి.

మొదటిది డ్యాష్‌బోర్డు మీద స్విచ్చు. ఖర్చు తక్కువ, గంటలో పని అయిపోతుంది. చాలా షెడ్లలో మొదట చెప్పేదీ ఇదే. స్విచ్చు వేయడం మరిచిపోయిన ఒక్క రోజు హెడ్ గ్యాస్కెట్ (ఇంజను హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోతుంది. బండి ఇంట్లో మరొకరు నడిపితే ఆ భయం రెట్టింపు. పైగా ఫ్యాను కరెంటు మొత్తాన్ని ఆ స్విచ్చులోంచే పంపే మేస్త్రీలున్నారు. పది ఆంపియర్లు నెలల తరబడి మోసిన చిన్న స్విచ్చు లోపల కరిగిపోతుంది. స్విచ్చు ఒక్కటే ఉన్న ఏర్పాటును నేను ఎవరికీ చెప్పను.

రెండోది రేడియేటర్‌కి బిగించే థర్మో స్విచ్చు, రిలే (సన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు) లేకుండా. వేడెక్కగానే లోపలి పలక వంగి ఫ్యానుకి నేరుగా కరెంటు కలుపుతుంది. చిన్న ఫ్యానుకి కొంతకాలం పనిచేస్తుంది. మోటారు మొదలయ్యే ప్రతిసారీ ఆ కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ పడుతుంది, కాంటాక్టులు నల్లబడతాయి, చివరికి కలవవు. బయటికి ఏ సూచనా ఉండదు, ఫ్యాను మాత్రం తిరగదు.

మూడోది థర్మో స్విచ్చు, రిలే కలిపి. రిలే లోపలి చుట్ట తాగేది ఆంపియర్‌లో ఐదారో వంతు. థర్మో స్విచ్చు మోసేది అంతే కాబట్టి ఏళ్ల తరబడి నిలుస్తుంది. బరువంతా 30 లేదా 40 ఆంపియర్ల రిలే కాంటాక్టులు మోస్తాయి. కాళ్ల మీద అంకెలుంటాయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా కరెంటు, 87 నుంచి ఫ్యానుకి, 86కి ఇగ్నిషన్ కీ నుంచి సన్న వైరు, 85 నుంచి థర్మో స్విచ్చు మీదుగా ఎర్త్, అంటే బండి బాడీకి. రిలేకి మధ్యలో 87ఎ అనే ఐదో కాలు ఉంటే దానికి ఏమీ తగిలించొద్దు, రిలే పడుకున్నప్పుడు కరెంటు ఉండేది దాని మీదే. ఇదే ఏర్పాటుకి 85 నుంచి ఇంకో సన్న వైరు లాగి, డ్యాష్‌బోర్డు మీద చిన్న స్విచ్చు ద్వారా ఎర్త్ చేస్తే, థర్మో స్విచ్చు పనిచేయకపోయినా మీ చేత్తో ఫ్యాను వేసుకోవచ్చు. శ్రీశైలం ఘాటు ఎక్కడానికి ముందే వేసుకోవచ్చు కూడా. నా బండిలో ఉన్నది ఇదే, నూటికి తొంభై మందికి నేను చెప్పేదీ ఇదే.

నాలుగోది ఎలక్ట్రానిక్ కంట్రోలర్. ఎన్ని డిగ్రీలకి మొదలవాలో మరతో తిప్పి పెట్టుకోవచ్చు, కొన్నిటిలో ఫ్యాను మెల్లగా మొదలై వేడిని బట్టి వేగం పెంచుకుంటుంది. మొదటి కుదుపు లేకపోవడం పాత ఆల్టర్నేటర్‌కి నిజంగా మేలు. కానీ బానెట్ కింద వేడిలో, వర్షపు నీళ్లలో, దుమ్ములో ఆ బోర్డు ఎన్నాళ్లుంటుందో దాని తయారీని బట్టే. అది పోయిన రోజు నర్సీపట్నం దారిలో ఏ మెకానిక్కూ బాగుచేయలేడు, రిలే అయితే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఇంజను మార్చి బండిని పూర్తిగా కొత్తగా కట్టుకునేవాళ్లకి కంట్రోలర్ బాగుంటుంది, దూరాలు తిరిగేవాళ్లకి రిలే.

బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసిన మరీ పాత బండ్లయితే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ జోలికే పోవద్దు. లోపల డయోడు ఉన్న రిలే కూడా వాటిలో తిరగబడుతుంది, డయోడు లేనిదే కొనండి. పని మొదలుపెట్టకముందు బ్యాటరీ దగ్గర ఏ తీగ బాడీకి వెళ్తోందో ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

థర్మో స్విచ్చు ఎక్కడ, ఎన్ని డిగ్రీలు

ఇక్కడ తప్పు జరిగితే మిగతా వైరింగ్ ఎంత బాగున్నా లాభం లేదు. రేడియేటర్ పై ట్యాంకులోనో పై గొట్టంలోనో బిగిస్తే అది ఇంజను నుంచి వచ్చే వేడి నీటిని చూస్తుంది. కింది ట్యాంకులో బిగిస్తే చల్లబడిన నీటిని చూస్తుంది. ఒకే స్విచ్చు ఈ రెండు చోట్లా ఒకేలా పనిచేయదు.

పై వైపు బిగిస్తే ఫ్యాను ఆగే డిగ్రీ, థర్మోస్టాట్ తెరుచుకునే డిగ్రీ కంటే ఎక్కువ ఉండాలి. థర్మోస్టాట్ 82 దగ్గర తెరుచుకుంటుంది, స్విచ్చు 80 దగ్గర ఆగేదనుకోండి. ఇంజను నీళ్లు 82 కిందికి దిగవు, ఫ్యాను ఆగదు. బండి ఆన్‌లో ఉన్నంతసేపూ తిరుగుతూ బ్యాటరీని తాగేస్తుంది. 92 దగ్గర మొదలై 87 దగ్గర ఆగే స్విచ్చు 82 థర్మోస్టాట్‌కి చక్కగా కుదురుతుంది. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది, పదిహేను డిగ్రీలు పడుతుంది కాబట్టి 92 అంటే భయపడాల్సింది లేదు. మూత ఒత్తిడి పట్టి, కూలెంటు సగం కలిసి ఉంటే నీళ్లు వంద దాటినా మరగవు. కింది ట్యాంకులో అయితే అంతకంటే తక్కువ డిగ్రీల స్విచ్చు కావాలి.

పై వైపు బిగింపుకి ఒక లోపం ఉంది. నీళ్లు తగ్గిపోతే స్విచ్చు ఆవిరిలో, గాలిలో ఉంటుంది, వేడిని సరిగా పట్టదు. ఇంజను కాలిపోతున్నా ఫ్యాను కదలకపోవచ్చు. చేతి స్విచ్చు ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

రేడియేటర్ రెక్కల మధ్యలోకి గుచ్చి, నాబుతో సర్దుకునే సన్న గొట్టం రకం స్విచ్చులు కూడా దొరుకుతాయి. ట్యాంకుకి కన్నం పెట్టి బుష్షు అతికించే పని తప్పుతుందని కొంటారు. అవి చూసేది నీటిని కాదు, రెక్కల వేడిని. బండి కదలగానే గాలి తగిలి తప్పు చెబుతాయి. ఇత్తడి ట్యాంకుకి బుష్షు అతికించడం రేడియేటర్ షాపులో పూట పని, ఆ పూట వెచ్చించండి.

కీ నుంచా, బ్యాటరీ నుంచా

ఫ్యాను తినే కరెంటు ఎప్పుడూ బ్యాటరీ నుంచే రావాలి. రిలే చుట్టకి మాత్రం కీ నుంచి తీసుకోవాలి. రెండూ కీ వైరు నుంచే లాగితే ఒక వింత జరుగుతుంది: కీ తీసేసినా ఇంజను కాసేపు ఆగదు. తిరుగుతున్న ఫ్యాను మోటారు ఆ క్షణంలో డైనమోలా మారి, తను పుట్టించిన కరెంటును అదే వైరు మీదుగా ఇగ్నిషన్ కాయిల్‌కి వెనక్కి పంపుతుంది. రెక్కలు నెమ్మదించేదాకా ఇంజను కొట్టుకుంటూనే ఉంటుంది. కార్బురేటర్ పోయిందనుకుని దాన్ని విప్పించినవాళ్లూ ఉన్నారు. పైగా పాత ఇగ్నిషన్ స్విచ్చు కాంటాక్టులు అంత బరువు మోయలేవు.

బండి ఆపాక కూడా ఫ్యాను తిరగాలని కొందరు చుట్టని కూడా బ్యాటరీకే కలుపుతారు. పాత ఇంజనులో దీనివల్ల దక్కేది తక్కువ. ఇంజను ఆగితే వాటర్ పంపు ఆగుతుంది, ఫ్యాను చల్లబరిచేది రేడియేటర్‌లో ఉన్న నీటినే, ఇంజను బ్లాకులోది కదలదు. అదీ కాక పార్కింగ్‌లో ఎవరైనా బానెట్ ఎత్తి చెయ్యి పెట్టినప్పుడు ఉన్నట్టుండి రెక్కలు తిరుగుతాయి. మా అబ్బాయికి బానెట్ కింద సంగతులంటే ఇష్టం. ఆ ఒక్క కారణం చాలు నేను కీ వైపు ఉండటానికి.

జీపుల్లో లాగా డ్యాష్‌బోర్డులో ఆంపియర్ మీటరు ఉన్న బండి అయితే ఒక మినహాయింపు. ఫ్యాను వైరు బ్యాటరీ మీద తగిలిస్తే, ఆ కరెంటు ఆల్టర్నేటర్ నుంచి మీటరు గుండా వెళ్లి, బ్యాటరీ ఛార్జవుతున్నట్టు చూపిస్తుంది. అలాంటి బండిలో ఆల్టర్నేటర్ వైపు నుంచి ఫ్యూజుతో తీసుకోవడం మేలు.

ఏసీ పెట్టించిన బండిలో కంప్రెసర్ కలిసినప్పుడల్లా ఫ్యాను తిరగాలి, నీళ్లు చల్లగా ఉన్నా సరే. దానికి థర్మో స్విచ్చు వైర్లతో కలగాపులగం చేయకుండా, కంప్రెసర్ వైరుతో నడిచే రెండో రిలే పెట్టి, దాని 87ని అదే ఫ్యానుకి కలపడం తేలిక. ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

వైరు, ఫ్యూజు, ఎర్త్

ఇంటి వైరింగ్‌లో మిగిలిన ముక్కలు వాడొద్దు. వాటిలో పోగులు తక్కువ, ఒక్కో పోగూ మందం, ఇంజను కుదుపుకి తెగుతాయి. పై తొడుగు కూడా బానెట్ కింద వేడికి చేసింది కాదు. బండ్లకి అమ్మే సన్న పోగుల వైరు కావాలి.

లావు ఎందుకంటే లెక్క చూడండి. 15 ఆంపియర్ల ఫ్యాను, రానూపోనూ కలిపి 4 మీటర్ల వైరు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో వోల్టు పైనే పోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది అరవోల్టు లోపే. వోల్టు తగ్గితే ఫ్యాను వేగం, గాలి రెండూ ఏడెనిమిది శాతం పడిపోతాయి, పోయినదంతా వైరులో వేడిగా మారుతుంది. పది ఆంపియర్ల ఫ్యానుకి రెండున్నర, అంతకు మించితే నాలుగు చదరపు మిల్లీమీటర్లు.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. ఫ్యాను దగ్గర పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా రేకుకి రాసుకుని తొడుగు తెగినప్పుడు కాపాడేది ఏమీ ఉండదు, బండి అంటుకుంటుంది. పది ఆంపియర్ల ఫ్యానుకి పసుపురంగు 20 ఫ్యూజు, పదిహేనుకి తెల్లని 25. ఊరికే పోతోందని పెద్ద ఫ్యూజు వేయకండి, ఎందుకు పోతోందో వెతకండి.

ఫ్యాను మైనస్ వైరుని రేడియేటర్ పక్క రేకు మీద, పెయింటు మీద స్క్రూతో బిగించేస్తారు. రెండు వానలకి అక్కడ తుప్పు పడుతుంది. పెయింటు గీకి, వైరు చివర లగ్గు అనే లోహపు కొస నొక్కి పట్టించి (క్రింప్ చేసి), గ్రీజు రాసి బోల్టుతో బిగించండి. నేనైతే ఇంజను బ్లాకుకి వెళ్లే ఎర్త్ దగ్గరికే తీసుకెళ్లాను.

బెల్టు రెక్కలు తీసేటప్పుడు ఒక సంగతి. చాలా పాత ఇంజన్లలో ఆ రెక్కల్ని పట్టిన బోల్టులే వాటర్ పంపు పుల్లీని కూడా పట్టి ఉంచుతాయి. రెక్కలు తీశాక బోల్టులు పొడవైపోతాయి, పొట్టి బోల్టులు వేయకపోతే పుల్లీ బిగియదు. బెల్టు మాత్రం ఉండాల్సిందే, వాటర్ పంపు తిరిగేది దానితోనే.

ఒక ఫ్యానా, రెండా, ముందా, వెనకా

చోటుంటే ఫ్యాను రేడియేటర్ వెనక, గాలిని లాగేలా ఉండాలి. ముందు పెట్టి తోసే ఫ్యాను, బండి పోతుంటే ఎదురుగాలికే అడ్డం. ఇంజనుకీ రేడియేటర్‌కీ మధ్య సందు లేనప్పుడే ముందు పెట్టాలి. మోటారు వైర్లు తారుమారు చేస్తే తిరగడం తిరగబడుతుంది కానీ వంపు రెక్కలు వెనక్కి తిరిగితే గాలి సగం కూడా రాదు, రెక్కల్ని కూడా తిప్పి బిగించాలి. దిశ సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఫ్యాను వేసి రేడియేటర్ ముందు పేపరు ముక్క పెట్టండి, అతుక్కుపోవాలి.

రెండు చిన్న ఫ్యానులు వెడల్పాటి రేడియేటర్‌కి మంచివి. ఒకటి పోతే రెండోది ఇంటికి చేరుస్తుంది. అయితే ఒకే రిలేతో రెండూ నడపకండి, దేనికి దానికి రిలే, ఫ్యూజు ఉంటేనే ఆ లాభం దక్కుతుంది. డిగ్రీలు వేరుగా ఉన్న రెండు థర్మో స్విచ్చులు పెడితే మామూలు రోజుల్లో ఒకటే తిరుగుతుంది, ఆల్టర్నేటర్‌కి ఊపిరి దొరుకుతుంది.

రేడియేటర్ గొట్టాల మధ్యనుంచి ప్లాస్టిక్ పట్టీలు దూర్చి ఫ్యానుని కట్టేసే కిట్లు వస్తాయి. కుదుపుకి ఆ పట్టీలు గొట్టాల్ని అరగదీస్తాయి. ఇనుప పట్టీలతో రేడియేటర్ ఫ్రేముకి బిగించండి.

పనంతా అయ్యాక బానెట్ మూసి, ఇంజను ఆన్‌లో ఉంచి ఫ్యాను తనంతట తాను రెండుమూడు సార్లు మొదలై ఆగేదాకా చూడండి. అప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టులు, ఫ్యాను ప్లగ్గు దగ్గర వోల్టులు కొలవండి. తేడా అరవోల్టు దాటితే ఏదో ఒక జాయింటు వేడెక్కుతోందని అర్థం, చేత్తో తాకితే ఎక్కడో దొరుకుతుంది. డ్యాష్‌బోర్డులో ఫ్యాను వెలుగు పెట్టించుకుంటే 87 కాలు నుంచి తీసుకోండి. అయితే ఆ వెలుగు కరెంటు వెళ్తోందని మాత్రమే చెబుతుంది, రెక్కలు తిరుగుతున్నాయని కాదు. ముల్లు మీద చూపు తీయొద్దు.

నా బండి గ్లవ్ బాక్సులో ఒక రిలే, రెండు ఫ్యూజులు, రెండు చివర్లా లగ్గులు కొట్టిన జానెడు వైరు ముక్క ఉంటాయి. దారిలో రిలే మొండికేస్తే దాన్ని పీకి, హోల్డరులో 30, 87 రంధ్రాల మధ్య ఆ ముక్క పెడితే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఇంటికి చేరాక దాన్ని పీకడం మరిచిపోవద్దు, లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.